టీకాలు – ఆరోగ్య బీమా: కొన్ని సందేహాలు, సమాధానాలు

వైద్యుడి దగ్గరా, వకీలు దగ్గరా ఏదీ దాచకూడదని మన పెద్దలు చెబుతారు. ఈ కాలంలో ఆ ఇద్దరి సరసన బీమా ఫారాన్ని కూడా చేర్చుకోవాలి. ఐతే దాచకూడదు అన్నంత మాత్రాన లేని జబ్బును ఉన్నట్టు రాసుకోవాలని అర్థం కాదు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడుందో తెలియక చదువుకున్నవాళ్ళు సైతం తికమక పడుతుంటారు. టీకాల విషయంలో ఈ తికమక మరీ ఎక్కువ.

ఈ సంచికకు పదిమందికీ పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు కోరారు. నేను ఈ కాలేజీ పాత విద్యార్థిని. చదువు ముగిశాక బీమా రంగంలో చేరాను. కొత్తపేటలో కాపురముంటూ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఉన్న కాలనీల్లో ఎన్నో కుటుంబాలకు ప్రపోజల్ ఫారాలు నింపడంలో సాయపడ్డాను. ఆ అనుభవంతో నాకు తెలిసిన నాలుగు ముక్కలు ఇక్కడ మనవి చేస్తున్నాను.

మలక్‌పేట దాటి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు మెట్రోలో కిటికీ పక్కన కూర్చుని చూడండి. రోడ్డుకు రెండు వైపులా కోచింగు సెంటర్లు, హాస్టళ్ళు, రక్తపరీక్షల లాబులు, నర్సింగు హోములు వరసగా కనబడతాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఊళ్ళో పొలం పని, ఇక్కడ పిల్లల చదువు – రెండు చోట్లా ఖర్చే. ఇంట్లో ఒక్కరు ఆస్పత్రిలో చేరితే కూడబెట్టిందంతా కరిగిపోతుందన్న భయంతో ఆరోగ్య బీమా తీసుకోవాలని చూస్తారు. అప్పుడు వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో ఒకటి తరచుగా వస్తుంది.

"సార్, సూది ఏయించుకున్నది గూడ రాయాల్నా? రాస్తే ప్రీమియం ఎక్కువ కడ్తమంట గదా!"

ప్రశ్న చిన్నదే గాని దీని వెనుక రెండు ప్రమాదాలున్నాయి. కొందరు పాలసీ చేతికొచ్చేదాకా టీకా వాయిదా వేస్తారు. మరికొందరు టీకాతోపాటు, ఆ టీకా అవసరమైన అసలు కారణాన్ని కూడా ఫారంలో దాస్తారు. మొదటివారు శరీరానికున్న రక్షణ పోగొట్టుకుంటారు. రెండోవారు డబ్బుకున్న రక్షణ పోగొట్టుకుంటారు.

బీమా ఒప్పందం స్వభావం

సంగతి అర్థం కావాలంటే ముందు బీమా అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. మన దేశంలో సాధారణ బీమా వ్యాపారాన్ని 1972లో చేసిన చట్టంతో జాతీయం చేశారు. ప్రభుత్వ రంగంలోని నాలుగు కంపెనీలు 1986లో "మెడిక్లెయిం" అనే పాలసీని తెచ్చాయి. సామాన్య కుటుంబానికి ఆస్పత్రి ఖర్చు బీమా అందుబాటులోకి రావడం అప్పుడే మొదలైందనవచ్చు. 1999 చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలు రంగంలోకి వచ్చాయి. వీటన్నిటినీ అదుపు చేసే సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది.

సైకిలు కొనేటప్పుడు కొనేవాడే చక్రం తిప్పి, బ్రేకు నొక్కి చూసుకుంటాడు. బీమాలో వ్యవహారం తలకిందులు. ఇక్కడ సరుకు మన శరీరం. దాని లోపలి సంగతి మనకే తెలుసు, కంపెనీకి తెలియదు. అందుచేత అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పవలసిన బాధ్యతను చట్టం మన మీద పెట్టింది. దీన్ని పరమ విశ్వాసం మీద నడిచే ఒప్పందం అంటారు. ఐతే ఈ బాధ్యతకు ఒక హద్దుంది. పాలసీ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ప్రీమియానికి ఇవ్వాలి అన్న నిర్ణయాన్ని మార్చగల విషయాలే చెప్పి తీరవలసినవి. మనకు చిన్నప్పుడు ఎన్నిసార్లు జలుబు చేసిందన్నది ఎవరి నిర్ణయాన్నీ మార్చదు గదా!

ఇప్పుడు "ముందునుంచీ ఉన్న జబ్బు" అనే మాట చూద్దాం. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల లోపల డాక్టరు నిర్ధారించిన జబ్బు గాని, గాయం గాని, లేదా ఆ గడువులో వైద్య సలహా, చికిత్స పొందిన జబ్బు గాని ఈ కోవలోకి వస్తుంది. ఇంతకు మునుపు ఈ గడువు 48 నెలలుండేది. అలాంటి జబ్బుకు కంపెనీ గరిష్ఠంగా 36 నెలలు వేచి ఉండమనవచ్చు, ఆ తర్వాత ఖర్చు ఇవ్వాలి.

ఈ నిర్వచనంలో టీకా ఎక్కడ ఇముడుతుంది? ఎక్కడా ఇమడదు. టీకా జబ్బు కాదు, గాయం కాదు, ఉన్న జబ్బుకు చికిత్సా కాదు. రాబోయే జబ్బుకు దారి మూసే ఏర్పాటు. ఇంటికి తాళం వేసినవాణ్ణి పట్టుకుని "నీ ఇంట్లో దొంగతనం జరిగింది" అనడం ఎంత అసంబద్ధమో, టీకా వేయించుకున్నవాణ్ణి రోగి అనడమూ అంతే. ఆ మాటకొస్తే పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా జీవిత బీమా కంపెనీలు మశూచి టీకా వేయించుకున్నారా అని తమ ఫారాల్లో అడిగేవి. వేయించుకున్నామని చెప్పినవాడు వాళ్ళకు నమ్మకమైన ఖాతాదారు. అంటే టీకాకు, బీమాకు పుట్టుకతో వచ్చిన విరోధమేమీ లేదు.

అసలు ప్రశ్న: సూది ఎందుకు?

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? నా అనుభవంలో కంపెనీ డాక్టరు చూసేది సూదిని కాదు, సూది వెనుకనున్న కారణాన్ని. ఈ వ్యాసం మొత్తంలో గుర్తు పెట్టుకోవలసిన మాట ఇదొక్కటే.

పసిపిల్లలకు వేసే టీకాలకు ప్రత్యేక కారణం అక్కర్లేదు, అవి అందరికీ వేసేవే. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ప్రభుత్వమే వేస్తున్నది. కోవిడ్ టీకాదీ అదే దారి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఆడపిల్లలకు వేయించే హెచ్.పి.వి. టీకా, ఏటా వేయించుకునే ఫ్లూ టీకా – ఇవన్నీ ముందుజాగ్రత్తలే. వీటివల్ల పాలసీ ఆగదు, ప్రీమియం పెరగదు.

కాని కొన్ని టీకాలు ఒక్కొక్కప్పుడు మనిషి ఆరోగ్య చరిత్రకు సూచికలవుతాయి. ఒక ఉదాహరణ చెబుతాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఎల్.బి.నగర్ దగ్గర దుకాణం పెట్టుకున్న ఒకాయన పాలసీకి దరఖాస్తు చేయదలిచాడు. ఆయన దగ్గరున్న కాగితాల్లో న్యుమోనియా టీకా, మెదడువాపు నిరోధించే మెనింగోకాకల్ టీకా వేయించుకున్న చీటీలు కనబడ్డాయి. నలభై దాటని మనిషికి ఈ రెండూ కలిపి ఎందుకు వేశారని అడిగాను. "అదేం లేదు సార్, విజయవాడ రోడ్డు మీద యాక్సిడెంటయింది. ప్లీహం తీసేసిన్రు. అప్పుడేసిన్రు ఈ సూదులు. అది జబ్బు కాదు గదా, రాయనవసరం లేదనుకున్న" అన్నాడు.

ప్లీహం తీసేసినవారికి కొన్ని రకాల సూక్ష్మజీవుల వల్ల ప్రమాదం ఎక్కువ గనుక డాక్టర్లు ఆ టీకాలు తప్పక వేస్తారు. ఇక్కడ చెప్పవలసింది టీకా గురించి కాదు, శస్త్రచికిత్స గురించి. ఫారంలో "ఎప్పుడైనా ఆపరేషను జరిగిందా?" అని స్పష్టమైన ప్రశ్న ఉంది. ఆపరేషను జరిగి 36 నెలలు దాటింది గదా అన్న వాదం అక్కడ పనికిరాదు. ఆ గడువు వేచి ఉండే కాలానికి సంబంధించినది. ఫారం "ఎప్పుడైనా" అని అడిగితే జవాబు కూడా "ఎప్పుడైనా" అన్న లెక్కలోనే ఇవ్వాలి. ఆయన తారీఖుతో సహా రాసి, డిశ్చార్జి కాగితం జతపరిచాడు. పాలసీ వచ్చింది.

ఇదే విధంగా డయాలిసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు కామెర్ల టీకా మామూలుకంటే పెద్ద మోతాదులో వేస్తారు. ఆ చీటీ చూడగానే వైద్యం తెలిసినవారికి సంగతి బోధపడుతుంది. కనుక జబ్బును దాచి టీకాను చెప్పినా, రెండూ దాచినా ఫలితం ఒక్కటే.

రక్తపరీక్ష – ఒక మెలిక

టీకా వల్ల దరఖాస్తుకు నిజంగానే అడ్డు తగిలే సందర్భం ఒకటుంది. అది హెపటైటిస్-బి టీకాది. ఇది మన హైదరాబాదుకు దగ్గరి విషయం గనుక కాస్త వివరంగా చెబుతాను.

హెపటైటిస్-బి కాలేయాన్ని పట్టే వైరసు. రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సంక్రమిస్తుంది. ఒకప్పుడు దీని టీకా విదేశాల నుంచి రావలసిందే, ధర సామాన్యుడికి అందేది కాదు. 1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో "షాన్వాక్-బి" పేరుతో స్వదేశీ టీకాను తెచ్చింది. జన్యు పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. ధర గణనీయంగా పడిపోయింది. ప్రభుత్వం ఈ టీకాను 2002లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఆ ముందు తరంలో పుట్టినవారు, నర్సింగు, వైద్య, లాబు కోర్సుల్లో చేరినప్పుడో, డాక్టరు చెప్పినప్పుడో విడిగా వేయించుకుంటారు. సాధారణంగా మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

ఇక మెలిక ఎక్కడుందంటే – ఈ టీకాలో ఉండేది వైరసు కాదు, వైరసు పైపొరలోని ఒక మాంసకృత్తు మాత్రమే. దాన్ని ఈస్టు కణాల్లో తయారుచేస్తారు. లాబులో "హెచ్.బి.ఎస్. ఏజి" అనే పరీక్ష రక్తంలో వెదికేది సరిగ్గా ఆ మాంసకృత్తునే. అంచేత టీకా వేసిన కొద్దిరోజుల్లో, సుమారు మూడు వారాల లోపు రక్తం తీస్తే, కొందరిలో టీకాలోని పదార్థమే కనబడి పరీక్ష "పాజిటివ్" అని రావచ్చు. మనిషికి జబ్బు లేదు, కాగితం మీద మాత్రం ఉన్నట్టు వస్తుంది.

చైతన్యపురిలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. కూతురు నర్సింగు చదువుతున్నది. ఆస్పత్రి డ్యూటీలు మొదలయ్యే ముందు టీకా వేయించుకోవాలన్నారు, వేయించుకుంది. అదే సమయంలో తండ్రి కుటుంబమంతటికీ కలిపి ఒక పాలసీకి దరఖాస్తు పెట్టాడు. తండ్రికి కాలేయానికి సంబంధించిన పాత ఇబ్బంది ఉండడంతో కంపెనీ ఇంట్లోని పెద్దలందరికీ రక్తపరీక్షలు అడిగింది. రెండో మోతాదు పడిన పదిరోజులకు లాబు మనిషి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళాడు. అమ్మాయి రిపోర్టు పాజిటివ్. దరఖాస్తు నిలిపేశారు.

దరఖాస్తు ఆగిపోయిందన్న బాధ ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నేను వెళ్ళేసరికి తల్లి ఆ పిల్లకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. "పెండ్లి కావాల్సిన పిల్ల, బయట తెలిస్తే ఎట్ల సార్" అని ఆమె దుఃఖం. ఈ వైరసు కంచం వల్లా, గ్లాసు వల్లా అంటదని ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. తనకు టీకా పడి పదిరోజులే అయిందని లాబు మనిషికి చెప్పాలని పిల్లకు తోచలేదు, అతను అడగనూ లేదు.

కాలేయ వైద్యుణ్ణి కలిస్తే ఆయన చాలా సులువుగా విడమర్చి చెప్పారు. "యాంటీ హెచ్.బి.సి." అనే ఇంకో పరీక్ష ఉంది. అది వైరసు లోపలి భాగానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెదుకుతుంది. టీకాలో ఆ లోపలి భాగం ఉండదు గనుక, ఎన్ని టీకాలు వేసినా ఈ పరీక్ష పాజిటివ్ కాదు, జబ్బు సోకినవారిలోనే అవుతుంది. మూడోది "యాంటీ హెచ్.బి.ఎస్." ఇది పాజిటివ్ వస్తే సంతోషించాలి, శరీరంలో రక్షణ ఏర్పడిందని గుర్తు. నెల దాటాక మళ్ళీ రక్తం తీశారు. మొదటిది నెగెటివ్, రెండోది నెగెటివ్, మూడోది పాజిటివ్. ఆ రిపోర్టులకు టీకా కార్డు నకలు జతచేసి పంపితే కంపెనీ అదనపు ప్రీమియం ఏదీ లేకుండా పిల్లను పాలసీలో చేర్చుకుంది. కంచం, గ్లాసు మళ్ళీ అందరితో కలిశాయి.

ఇందులో నేర్చుకోవలసింది టీకా మానమని కాదు. పరీక్ష తేదీని నెలరోజులు వెనక్కి జరపమని అడగవచ్చు, జరపకపోతే రక్తం తీసే ముందే "ఫలానా తేదీన టీకా పడింది" అని రాసి ఇవ్వవచ్చు. ఆరోగ్య బీమాలో ఈ పరీక్ష అందరికీ ఉండదు. పెద్ద మొత్తాల జీవిత బీమాకు తరచుగా అడుగుతారు. ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా కొన్నిచోట్ల చేస్తారు.

టైఫాయిడు, క్షయ, కోవిడ్

ఇలాంటి పొరపాటుకు ఆస్కారమున్న మరో రెండు టీకాలను టూకీగా చెప్పి ముందుకు పోదాం. పాతకాలపు టైఫాయిడు టీకా వేసుకున్నవారికి "వైడాల్" పరీక్ష పాజిటివ్ వచ్చే అవకాశముండేది. ఇప్పుడు వాడే రకాలు, హైదరాబాదులోనే భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టి.సి.వి. వంటివి, సూక్ష్మజీవి పైపొరలోని వేరే పదార్థంతో చేసినవి గనుక ఆ తికమక లేదు. ఐతే హాస్టలు పిల్లలకు నాలుగురోజుల జ్వరం రాగానే ఒక్క వైడాల్‌తోనే "టైఫాయిడు" అని డిశ్చార్జి చీటీ మీద రాసేయడం మామూలైంది. ఆ చీటీ రేపు మీ ఆరోగ్య చరిత్రలో భాగమవుతుంది. ఏం రాశారో చదువుకుని ఇంటికి రండి.

చిన్నప్పుడు భుజం మీద వేసిన బి.సి.జి. టీకా వల్ల క్షయకు చేసే చర్మ పరీక్షలో వాపు కనబడవచ్చు. పై చదువులకు విదేశాలకు వెళ్ళే మన పిల్లలకు అక్కడి యూనివర్సిటీల్లో ఇది ఎదురవుతుంది. రక్తంతో చేసే "ఇగ్రా" పరీక్షకు బి.సి.జి. అడ్డురాదు, దాన్ని అడగవచ్చు.

కోవిడ్ రోజుల్లో మాత్రం టీకా, బీమా నిజంగానే ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. "టీకా వికటించి ఆస్పత్రి పాలైతే బీమా ఇస్తారా?" అని జనం భయపడ్డారు. అలా చేరవలసివస్తే పాలసీ షరతులకు లోబడి ఆ ఖర్చు వర్తిస్తుందని ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2021 మార్చిలో వివరణ ఇచ్చింది. ఆ కాలంలో కొన్ని కంపెనీలు టీకా వేయించుకున్నవారికి ప్రీమియంలో కొంత తగ్గింపు కూడా ఇచ్చాయి. టీకా రాస్తే ప్రీమియం పెరుగుతుందనేవాళ్ళకు ఇంతకు మించిన జవాబేముంటుంది?

కుక్కకాటు సూది

మా వైపు కాలనీల్లో రాత్రి ట్యూషను నుంచి వచ్చే పిల్లలకు వీధికుక్కల బెడద తెలిసిందే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ పసివాడు చనిపోయిన సంగతి నగరం మరిచిపోలేదు. కుక్క కరిచినాక వేసే రేబిస్ టీకా ముందుజాగ్రత్తా, చికిత్సా రెండూనూ. లక్షణాలు బయటపడితే దాదాపు బతికే ఆశ ఉండదు గనుక, ఈ విషయంలో బీమా లెక్కలు చూసుకుంటూ కూర్చోకూడదు. గాయాన్ని వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు మొదటి సూది వేయించుకోవాలి. మోతాదులన్నీ తేదీ తప్పకుండా పూర్తి చేయాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. నారాయణగూడలోని ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, నల్లకుంట ఫీవరు ఆస్పత్రి ఈ విషయంలో నగరానికంతటికీ ఎరికే.

ఇది దరఖాస్తుకు అడ్డమా? కాదు. కాటు మానిపోయి, కోర్సు పూర్తయితే అది ముగిసిన సంఘటన. "గత కొన్నేళ్ళలో ఏదైనా చికిత్స తీసుకున్నారా?" అని ఫారం అడిగితే ఒక్క వాక్యం రాస్తే చాలు: ఫలానా తేదీన కుక్కకాటు, టీకాలు పూర్తి, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను. ఈ వాక్యం రాసినందుకు పాలసీ నిరాకరించిన కంపెనీని నేను చూడలేదు.

టీకా ఖర్చు ఎవరిస్తారు?

ఇక్కడే చాలామంది ఆశాభంగం పొందుతారు. "ఇంత ప్రీమియం కట్టినం, ఒక్క సూది పైసలియ్యరా?" అంటారు. మెడిక్లెయిం తొలిరోజుల నుంచీ టీకాల ఖర్చును మినహాయింపుల్లోనే పెట్టారు. ఆరోగ్య పాలసీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకు. టీకా బయటి రోగి వ్యవహారం. కొన్ని పాలసీల్లో జంతువు కరిచినాక వేసే టీకాకు, ప్రసూతి పాలసీల్లో కొన్నిటిలో పుట్టిన బిడ్డ తొలి టీకాలకు వెసులుబాటు ఉంటుంది. మీ పాలసీలో ఉందో లేదో షరతుల కాగితంలో చూసుకోవాలి.

ఆలోచిస్తే దీనికో కారణం తోస్తుంది. ఈ రోజు వేసిన హెపటైటిస్-బి టీకా ఫలితం ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత, కాలేయం చెడిపోకుండా ఉన్నప్పుడు తెలుస్తుంది. పాలసీ మాత్రం చాలావరకు ఏడాదికొకసారి రాసుకునే ఒప్పందం. అప్పటికి ఆ మనిషి ఏ కంపెనీలో ఉంటాడో! ఒకరు నాటిన మామిడిచెట్టు పండ్లు ఇంకొకరు తింటారన్న లెక్క. అందుకే టీకాల బాధ్యత అన్ని దేశాల్లోనూ ఎక్కువగా ప్రభుత్వాల మీద పడింది. అమెరికాలో 2010 చట్టం, సిఫారసు చేసిన టీకాలకు చాలా పాలసీల్లో రోగి నుంచి పైసా తీసుకోకూడదని కంపెనీలకు ఆజ్ఞ ఇచ్చింది. మన దగ్గర అలాంటి ఆజ్ఞ లేదు. కనుక బీమా ఇస్తుందని ఎదురుచూడకుండా, బస్తీ దవాఖానాలో గాని, వనస్థలిపురం ఏరియా ఆస్పత్రి వంటి ప్రభుత్వాస్పత్రిలో గాని ఏ టీకా దొరుకుతుందో కనుక్కుని వేయించుకోవడమే తెలివి.

న్యాయస్థానం చెప్పిన రెండు మాటలు

దాస్తే ఏమవుతుందో, చెబితే ఏమవుతుందో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో స్పష్టం చేసింది. మొదటిది 2009 నాటి సత్వంత్ కౌర్ సంధు కేసు. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉండి కూడా చెప్పకుండా 1990లో మెడిక్లెయిం తీసుకున్న వ్యక్తి చనిపోతే, క్లెయిము ఇవ్వనక్కరలేదన్న కంపెనీ వాదననే కోర్టు సమర్థించింది. అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం చెబితే ఒప్పందం నిలవదన్నది దాని సారాంశం.

రెండోది 2021 డిసెంబరులో వచ్చిన మన్‌మోహన్ నందా కేసు. అమెరికా ప్రయాణానికి పాలసీ తీసుకున్న ఆయన తనకు మధుమేహం ఉందని ముందే చెప్పాడు. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలోనే గుండెపోటు వచ్చింది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వేసుకుంటున్న సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిము తిరస్కరించింది. మధుమేహం ఉన్నవారికి డాక్టర్లు ఆ మాత్రలను ముందుజాగ్రత్తగా కూడా రాస్తారన్న వాదన కోర్టు ముందుకు వచ్చింది. జబ్బు సంగతి తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే సాకుతో తప్పించుకోరాదని కోర్టు తీర్పునిచ్చింది.

ఈ కేసు టీకా గురించినది కాదు. ఐనా మన విషయానికి అతి దగ్గరది. ముందుజాగ్రత్తగా తీసుకునే మందు వేరు, జబ్బు వేరు అన్న విచక్షణ దీంట్లో ఉంది. అసలు జబ్బును నిజాయితీగా చెప్పినవాడికి చట్టం అండగా నిలబడుతుందన్న భరోసా కూడా ఉంది.

మరో రక్షణ: 2024 నిబంధనల ప్రకారం పాలసీ 60 నెలలు ఎడతెగకుండా నడిస్తే, ఆ తర్వాత "ఫలానాది చెప్పలేదు" అని క్లెయిము తిరస్కరించరాదు, మోసం రుజువైతే తప్ప. మునుపు ఈ గడువు ఎనిమిదేళ్ళుండేది.

ఆచరణలో

విద్యార్థి మిత్రులకు, వారి తల్లిదండ్రులకు నా సలహాలు ఇవి.

ఒకటి: టీకా కార్డులన్నీ ఒక్క కవరులో పెట్టండి. సర్టిఫికెట్ల ఫైలులో పదో తరగతి మెమోకు ఎంత విలువో దీనికీ అంతే. తేదీ, టీకా పేరు, మోతాదు సంఖ్య ఉండాలి.

రెండు: ఏజెంటు ఎంత తెలిసినవాడైనా ఫారం అతన్ని నింపనిచ్చి సంతకం పెట్టకండి. ప్రతి ప్రశ్నా చదవండి. నేను కూడా ఈ వృత్తిలోనివాణ్ణే గనుక నిష్ఠూరంగానైనా చెబుతున్నాను. "అన్నిటికీ నో కొట్టేద్దాం అన్నా" అనే ఏజెంటు మీ మేలు కోరేవాడు కాదు.

మూడు: టీకాల గురించి ప్రశ్న ఉంటే నిజం రాయండి. లేకపోతే రాయనక్కర్లేదు. టీకా వెనుక జబ్బో, ఆపరేషనో ఉంటే దాన్ని మాత్రం సంబంధిత ప్రశ్న దగ్గర రాయండి.

నాలుగు: రక్తపరీక్షకు, హెపటైటిస్-బి టీకాకు నడుమ నెలరోజుల ఎడం ఉండేట్టు చూసుకోండి. ఏ టీకా వేసినా జ్వరం, ఒళ్ళునొప్పులు తగ్గాకే పరీక్షకు వెళ్ళండి. ఆ రెండురోజుల్లో కొన్ని ఫలితాలు మామూలుకంటే కాస్త హెచ్చుగా రావచ్చు.

ఐదు: పాలసీ చేతికందాక ఫారం నకలు చూసుకోండి. 30 రోజుల లోపల నచ్చకపోతే తిప్పి పంపే హక్కుంది.

ఆరు: అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ ఆఫీసు లక్డీకాపూల్‌లో ఉంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే అక్కడే దిగవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

ఇరవై ఏళ్ళ వయసులో బీమా గురించి ఆలోచించడం కొందరికి నవ్వులాటగా తోచవచ్చు. కాని టీకాకు, బీమాకు ఒక పోలిక ఉంది. రెండూ అవసరం రాకముందే తీసుకోవలసినవి. కుక్కకాటు వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, చాలావరకు టీకాలు జబ్బు తగిలాక వేస్తే పని చేయవు. పాలసీ కూడా జబ్బు బయటపడ్డాక అడిగితే వేచి ఉండమంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు టీకా వేయించుకుని, ఆరోగ్యంగా ఉన్నప్పుడే నిజం రాసి పాలసీ తీసుకున్నవాడు ఏ కంపెనీ ముందూ తల దించుకోనక్కర్లేదు. మన కాలేజీ పిల్లల్లో పదిమందైనా ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫారాలు, తమ టీకా కార్డులు ఒకసారి బయటికి తీసి చూస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.